రక్షణ అనే మాట

మా ఇంట్లో 'రక్షణ' అంటే వద్దు అని అర్థం. చీకటి పడ్డాక వద్దు, ఒంటరిగా వద్దు, ఊరుకాని ఊళ్ళో చదువొద్దు. పరిశోధన కోసం స్త్రీల కథలు చదువుతున్నప్పుడు కూడా ఆ మాట ఎదురైన చోటల్లా తలుపు మూసిన చప్పుడే నాకు విన్పించేది.

దానికి ఇంకో అర్థముందని ముప్పై నాలుగో ఏట ఖాజాగూడ గుట్టల్లో తెల్సింది. హైటెక్ సిటీ మేడల పక్కన మిగిలిన ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. నగరంలోని ఇలాంటి రాళ్ళని కాపాడమని 'సొసైటీ టు సేవ్ రాక్స్' 1996 నుంచి అడుగుతూనే ఉంది. రాయి ఎక్కడం నేర్పే అమ్మాయి పైన బిగించిన రెండు ఉక్కు బోల్టుల్ని చూపించి "అదే మీ ప్రొటెక్షన్, మేడమ్" అంది.

రాయిలో డ్రిల్లుతో రంధ్రం చేసి, దుమ్మంతా ఊదేసి, బోల్టు దించి నట్టు బిగిస్తారు. లోపల దాని తొడుగు విచ్చుకుని రాయిని పట్టుకుంటుంది. ఎంత మంచి బోల్టయినా రాయి గట్టిగా ఉంటేనే నిలుస్తుంది. ఒక్కదాన్నే నమ్మరు, రెండుండాలి. వాటినుంచి వచ్చే పట్టీలు ఎడమై మధ్య కోణం 120 డిగ్రీలకి చేరితే ఒక్కో బోల్టు మీదా మొత్తం బరువు పడుతుంది. కోణం తక్కువగా ఉంటేనే చెరిసగం పంచుకుంటాయి.

సగం ఎక్కాక కాలు జారింది. రెండడుగులు పడి ఆగిపోయాను. కింద తాడు పట్టుకున్న అమ్మాయి "ఎందుకెక్కారు" అనలేదు. కాసేపు వేలాడి మళ్ళీ పట్టు వెదుక్కున్నాను. పడొద్దని అనకుండా, పడినా బతికే వీలిచ్చిన రక్షణ నాకదే మొదటిసారి.

గురుకుల పాఠశాల విద్యార్థిని మాలావత్ పూర్ణ ఎక్కడం నేర్చింది భువనగిరి గుట్ట మీద. 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో, ఎవరెస్టు చేరింది. ఆమె ధైర్యం గురించి చాలా చెప్పుకున్నాం. పంపడానికి ఒప్పుకున్న పాకాల గ్రామపు అమ్మానాన్నలకి భయం వెయ్యలేదా? వేసే ఉంటుంది. అయినా పంపారు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే మా ఎనిమిదేళ్ళ పాప "నేనూ వస్తానమ్మా" అంది. "వద్దు, పడతావు" అన్నాను. అచ్చం మా అమ్మ గొంతే.

ఇప్పుడు కింద నిలబడి తాడు పట్టడం నేర్చుకుంటున్నాను. పై బోల్టులు ఎంత గట్టివైనా, పడేవాళ్ళని ఆపడానికి తాడు రెండో కొస ఒకరు పట్టుకునుండాలి కదా.