యంత్రానికి బీమా, సత్తువకు సొంత డబ్బు

గుండెకు ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట "ఎంతవుతుందట?" అని. అందరి బెంగా ఆస్పత్రి బిల్లు మీదే. నిజానికి ఆ బిల్లుకు ఏదో ఒక దారి ఉంటుంది: బీమా ఉంటుంది, బ్యాంకు ఉంటుంది. ఒంట్లోకి మళ్లీ సత్తువ వచ్చేదాకా అయ్యే ఖర్చుకే ఎవరూ పద్దు రాయరు.

నాకు తెనాలిలో పుస్తకాలు, స్టేషనరీ కొట్టుంది. అరవై దాటాక మెట్లెక్కితే కళ్లు తిరగడం మొదలైంది. పూర్తి హార్ట్ బ్లాక్ అని హోల్టర్ పరీక్షలో తేలింది. గుండె పై గదుల నుంచి రావాల్సిన విద్యుత్ సంకేతం కింది గదులకు చేరడం లేదట. పేస్‌మేకర్ తప్పదన్నారు.

మొదటి నిర్ణయం ఆస్పత్రి గది గురించి. నా పాలసీ 5 లక్షలది. గది అద్దెకు రోజుకు అందులో ఒక శాతం, అంటే 5,000 వరకే ఇస్తారు. "మంచి రూమ్ తీసుకుందాం నాన్నా, పైన ఎంతైతే అంత మనమే కట్టుకుందాం" అన్నాడు మావాడు. కానీ తేడా అద్దెతో పోదు. 10,000 గదిలో చేరితే డాక్టర్ ఫీజులో, థియేటర్, నర్సింగ్ చార్జీల్లో కూడా సగానికి కోత పడుతుంది. మందులు, పరీక్షలు, ఒంట్లో పెట్టే పరికరం ధర మాత్రం ఆ కోతలోకి రావు. అందుకని 5,000 లోపు గదితోనే సరిపెట్టుకున్నాం.

పరికరం దగ్గర మాత్రం పొదుపు చూడలేదు. పై గదికీ కింది గదికీ వరస తప్పకుండా నడిపించే రెండు లీడ్ల (తీగల) రకం నాకు నప్పుతుందని డాక్టరుగారు చెప్పారు. ఎమ్మారైకి పనికొచ్చేది ఇంకాస్త ఖరీదు. ఈ వయసులో నడుముకో మోకాలికో స్కాన్ అవసరం పడకుండా ఉంటుందా? పేస్‌మేకర్ పెట్టెతోపాటు లీడ్లు కూడా ఎమ్మారైకి పనికొచ్చేవేనా అని అడిగి మరీ ఒప్పుకున్నాను. బీమా అనుమతి వచ్చేలోపు ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టమన్నారు. ఎఫ్‌డీ బ్రేక్ చేయకుండా దాని మీదే లోను తీసుకున్నాను. వడ్డీ ఎఫ్‌డీ కంటే ఒక శాతం ఎక్కువే గానీ, వాడుకున్న రోజులకే పడింది. అడ్వాన్స్ తిరిగి రాగానే తీర్చేశాను.

ఇంటికొచ్చాకే అసలు లెక్క మొదలైంది. పెట్టెను ఎడమ కాలర్ ఎముక కింద పెట్టారు. అక్కణ్ణుంచి గుండెలోకి వెళ్లే లీడ్లు కుదురుకునేదాకా, కొన్ని వారాలు ఆ వైపు చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు. మా కొట్టుకేమో రోలింగ్ షట్టర్. నోటుపుస్తకాల కట్టలన్నీ అటక మీద. షట్టర్ ఎత్తడానికి, కట్టలు దించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. అలాగని చెయ్యి బొత్తిగా కదపకపోతే భుజం పట్టేస్తుంది. ఎంతవరకు కదపాలో ఫిజియోథెరపిస్టు చూపించారు. కుర్రాడి జీతం, ఫిజియో ఫీజు, ఆటో చార్జీలు, మధ్యాహ్నాలు కొట్టు మూయడం వల్ల తగ్గిన అమ్మకం: వీటికి నా పాలసీలో పైసా రాదు. 'కోలుకునే ఖర్చు' అని పద్దుపుస్తకంలో వీటికి వేరే పేజీ పెట్టాను.

రాబట్టుకోగలిగింది మాత్రం వదల్లేదు. డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు మందులకు, పరీక్షలకు నా పాలసీలో డబ్బు వస్తుంది. మందుల షాపు బిల్లులు థర్మల్ కాగితం మీదవి, నాలుగు రోజులు పోతే అక్షరాలు వెలిసిపోతాయి. అందుకే తెచ్చిన రోజే జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టేవాణ్ణి.

తొలి చెకప్‌లో ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి, బ్యాటరీ ఇంకా ఎన్నేళ్లు వస్తుందో కంప్యూటర్‌లో చూపించారు. సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు. ఆ తర్వాత పెట్టె మార్చాలి. లీడ్లు బాగుంటే వాటినే ఉంచుతారు. 1958లో స్వీడన్‌లో ప్రపంచంలోనే మొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్, ఇరవైకి పైగా పెట్టెలు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికారు. గడువు ముందే తెలిసిన ఖర్చుకు అప్పు చేయడం దేనికి? నెలకు 2,000 చొప్పున ఆర్డీ మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లకు అసలే 1,92,000 అవుతుంది, వడ్డీ అదనం.

తక్కువ ప్రీమియం చూపించి కంపెనీ మారమన్నవాళ్లున్నారు. కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. క్లెయిమ్ చేశారన్న కారణంతో పాత పాలసీ రెన్యువల్ ఆపడానికి మాత్రం వీల్లేదు. అందుకే ఉన్నదాన్నే కొనసాగిస్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. అలా మిగిలింది కూడా ఆ పెట్టె ఖర్చు కిందికే పోతోంది.

చెయ్యి బాగయ్యాక కూడా కుర్రాణ్ణి మానిపించలేదు. పొద్దున అతను కొట్టు తెరిస్తే నాకు నడకకు వీలవుతుంది. జీతం దండగంటుంది మా ఆవిడ. నేనేమో దాన్ని మందుల ఖర్చు పక్కనే రాస్తున్నాను. పేస్‌మేకర్ పెట్టించుకోబోయేవాళ్లు ఎవరైనా సలహా అడిగితే, ఆస్పత్రి ఇచ్చిన అంచనా కాగితం కిందే రెండు నెలల ఇంటి ఖర్చు, సాయం మనిషి జీతం కలిపి రాసుకోమంటాను. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకున్నవాడు తొందరపడి షట్టర్ ఎత్తడు.