రుమాలు ముడిలోని తాళపుచెవి

మా అబ్బాజాన్ జమ్మలమడుగు ఇంట్లోని పెట్టె తాళపుచెవిని రుమాలు కొంగున ముడివేసి, ఎల్లవేళలా జేబులోనే ఉంచుకునేవారు. అంతటి జాగ్రత్తపరుని కడుపున పుట్టిన మేము మాత్రం పాస్‌వర్డులన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో వ్రాసుకొని నిశ్చింతగా ఉండేవారము. బ్యాంకు ఖాతాలు, కరెంటు బిల్లు, విద్యార్థుల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, సమస్తమూ అందులోనే. ఒకనాడు ప్రొద్దుటూరు నుండి పులివెందులకు పోతుండగా ఆ పుస్తకం బస్సులో జారిపోయింది. మరి దొరకలేదు. ఆ రాత్రి ఒక్కొక్క పాస్‌వర్డునే మార్చుతూ కూర్చున్నప్పుడు మా సొమ్ముకంటె పిల్లల దరఖాస్తులే మమ్ము ఎక్కువగా కలవరపెట్టాయి.

అటుపిమ్మట కీపాస్ అనే పాస్‌వర్డు మేనేజరును ఆశ్రయించాము. జర్మనీకి చెందిన డొమినిక్ రైఖ్‌ల్ 2003లో దీనిని వెలువరించాడు, వెల లేదు. పాస్‌వర్డులన్నీ ఒకే డేటాబేసు ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు 256 బిట్ల తాళపుచెవితో గూఢలిపిగా మారిపోతుంది. ఆ తాళపుచెవిని ఫైలులో ఎక్కడా దాచరు. మాస్టర్ పాస్‌వర్డు కొట్టిన ప్రతిసారీ దానినుండి లెక్కగట్టి తీస్తారు.

ప్రొద్దుటూరు బంగారు అంగడి ఇనుపపెట్టెను పగులగొట్టే దొంగకు తెల్లవారేలోపు పని ముగియాలి. ఫైలును నకలు చేసుకొనిపోయిన దొంగకు అట్టి తొందర లేదు. ఇంట కూర్చొని కోట్ల మాటలను ప్రయత్నింపగలడు. అందుకే 2015లో పాస్‌వర్డు హాషింగు పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే పద్ధతి, మెమరీని విస్తారంగా వాడుతూ, ఆ లెక్కను కావాలనే జాప్యం చేస్తుంది. మనకు ఒక్క సెకను. దొంగకు కోట్ల సెకన్లు. అయితే మాస్టర్ పాస్‌వర్డు మన ముద్దుపేరే అయితే ఆర్గాన్2 ఏం చేయగలదు?

అదే ఫైలును సెల్‌ఫోనులో కీపాస్‌డీఎక్స్ అనే యాప్‌తో తెరుస్తున్నాము. అక్కడ వేలిముద్ర కొత్త తాళమేమీ కాదు. ఫోను భద్రంగా మూసి ఉంచిన మాస్టర్ పాస్‌వర్డును బయటికి తెచ్చే అనుమతి మాత్రమే. ఇక కంప్యూటరులో డేటాబేసు తెరచి ఉంచి టీకి లేచిపోతే ఏ గూఢలిపీ కాపాడదు. (ఈ అపరాధం మేమూ చేశాము, చూచిన సహోద్యోగి ఇప్పటికీ నవ్వుతుంటారు.)

మాస్టర్ పాస్‌వర్డు మరచిపోతే మాత్రం దానిని తయారుచేసినవాడు కూడ తెరవలేడు. అబ్బాజాన్ కడపటి రోజులలో రుమాలు ముడి విప్పి తాళపుచెవిని అమ్మీ చేతిలో పెట్టారు. మాకు హఠాత్తుగా ఏదైనా జరిగితే విప్పడానికి ముడి ఏది? ఆ ఆలోచనతో చాలా రాత్రులు నిద్రపట్టలేదు. చివరకు పొంతన లేని ఆరు మాటలను మాస్టర్ పాస్‌వర్డుగా పెట్టుకొని, వాటిని కాగితంపై వ్రాసి, కవరు అంటించి జమ్మలమడుగు తీసుకొనిపోయాము.

“పుస్తకం పోగొట్టుకొని మళ్ళీ కాగితమేనా బేటా?” అని అమ్మీ నవ్వింది. ఆ కవరును అబ్బాజాన్ రుమాలులో చుట్టి, పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది.