ఎడం

నాదెండ్ల మండలంలో ఒక పల్లె మాది. ఊరి పేరు రాయను. రాస్తే బడి ఏదో తెలిసిపోద్ది. మా వాడ పిల్లలు ఇంకా ఆ బళ్ళోనే చదువుకోవాలి.

మాదిగపల్లెలో పుట్టినవాడికి అమ్మ, నాయన అనే మాటలతోపాటే వచ్చే మాట ఒకటుంది. ఎడం. 'ఎడంగా నిలబడు', 'ఎడంగా కూకో'. 1978లో నన్ను ఒకటో తరగతిలో వేశారు. బడి వరండాలో నీళ్ళ కుండ, దాని మీద గ్లాసు ఉండేవి. ఆ గ్లాసు మేం ముట్టకూడదు. ఊళ్ళో పిల్లోడెవడైనా దయతలిచి పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. పోసేవాడు ఆటకి పోతే దప్పికతోనే ఇంటికి రావాలి. 1985లో కారంచేడులో మావాళ్ళని నరికి చంపిన గొడవ మొదలైంది కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ వారమంతా మా నాయన నన్ను బడికి పంపలేదు. పిల్లోణ్ణి బడికి పంపటమా మానటమా అని మా ఇంట్లో తర్జనభర్జన పడటం కరోనాతో మొదలు కాలేదని చెప్పటానికే ఇదంతా.

2020 మార్చి 19 నుంచి బడులు మూసేశారు. 24 రాత్రి ప్రధానమంత్రి టీవీలో దేశమంతా మూసేస్తున్నట్టు చెప్పాడు. మర్నాడు మా ఊళ్ళో చాటింపు వేసింది మా చిన్నాన్న కొడుకే. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని డప్పు కొట్టి చెప్పాడు. మొదట్లో దాన్ని సామాజిక దూరం అన్నారు. ఆ మాట బాగాలేదని తోచిందేమో, తర్వాత భౌతిక దూరం అన్నారు. మాకు రెండూ తెలుసు. తరతరాలుగా మమ్మల్ని ఎడంగా పెట్టినోళ్ళకి ఎడం పాటించమని మా డప్పే చెప్పిందని ఆ రాత్రి పల్లెలో నవ్వుకున్నాం. నరసరావుపేటలో కేసులు పెరిగేసరికి ఆ నవ్వు పోయింది.

ఆ ఏప్రిల్లో ప్రపంచం మొత్తంమీద 160 కోట్ల మంది దాకా పిల్లలు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క. అందులో మా పెద్దమ్మాయి ఒకతి. జూన్ నుంచి సప్తగిరి ఛానల్లో పాఠాలొచ్చాయి. ఆ పాఠం వచ్చే టయానికి మా పిల్ల చేలో ఉండేది. నేను పనిచేసే స్పిన్నింగు మిల్లు మూసేశారు. ఇల్లు గడవాలి. పిల్ల వాళ్ళమ్మతో కలుపుకి పోయింది. తర్వాత పత్తితీతకి పోయింది. కేజీల లెక్కన కూలి. పిల్లది చురుకైన చెయ్యి. "నీ కూతురు నీకంటే బాగా తీస్తందే" అని ముఠా మేస్త్రి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విన్న రాత్రి మా ఆవిడ అన్నం తినలా.

అక్టోబరు నెలాఖరులో బడికి రమ్మని తల్లిదండ్రులకి కబురొచ్చింది. నవంబరు 2 నుంచి తొమ్మిది, పది తరగతులు తెరుస్తారు. ఒక్కపూటే బడి. గదికి 16 మంది. మాస్కు పెట్టుకోవాలి. ఎవరి నీళ్ళసీసా వాళ్ళు తెచ్చుకోవాలి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెడితేనే పిల్లల్ని రానిస్తారు.

చెట్టుకింద కుర్చీలు ఎడంగా వేశారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా మావాళ్ళు అలవాటుకొద్దీ వెనక నిలబడ్డారు. ఆ ఏడు కాన్వెంటు ఫీజులు కట్టలేక ఊళ్ళోవాళ్ళు కూడా కొందరు తమ పిల్లల్ని సర్కారు బళ్ళో వేశారు. వాళ్ళలో ఒకాయన లేచాడు.

"మాస్టారూ, పల్లె పిల్లల్ని ఒక రోజు, మా పిల్లల్ని ఒక రోజు రానివ్వండి. నేనేం కులం మాట్లాడటంలా. వాళ్ళ ఆడాళ్ళు ఒక్కో ఆటోలో ఇరవై మంది ఎక్కి ఊరూరా తిరుగుతున్నారు. జాగ్రత్త కోసం చెప్తన్నా" అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు. కుండ దగ్గర దోసిలి పట్టిన పిల్లోడు లోపల ఎక్కడో ఇంకా వంగే ఉన్నాడు. మా ఆవిడే అడిగింది.

"ఆ ఆటో ఎవరి చేలోకొస్తందయ్యా? మీ పత్తికే గదా మేం పోయేది! మేం తీసిన పత్తికి అంటని రోగం మా పిల్లలు కూచున్న బల్లకి అంటుకుద్దా?"

ఎవరూ మాట్లాడలా. హెడ్మాస్టరు నేలవైపు చూస్తా, "రోలు నంబరు ప్రకారం కూచోబెడతానమ్మా" అన్నాడు. అంతలో ఇంకొకామె గదుల్ని ఎవరు కడుగుతారు, బ్లీచింగు ఎవరు చల్లుతారు అని అడిగింది. ఒక్కసారిగా అందరి కళ్ళూ మావైపు తిరిగినయ్. పిల్లల్ని ఎడంగా పెట్టమన్న కళ్ళే అవి. గది కడగటానికైతే మేం దగ్గరికి రావచ్చు!

ఆ రాత్రి మా ఇంట్లో గొడవ. సంతకం పెట్టనన్నాను.

"రేపు మన పిల్ల తుమ్మితే రోగం పల్లె నుంచే వచ్చిందంటారు. ఆ మాట పడటానికా బడికి పంపేది?" అన్నాను.

"ఆటోలో కుక్కుకొని పత్తికి పోతే రాని రోగం బడికి పోతే వస్తదా? నువ్వు భయపడేది రోగానికి కాదయ్యా, ఆయన మాటకి" అంది.

నిజమే. ఆ నిజం ఒప్పుకోవటానికి నాకు రెండు రోజులు పట్టింది. మా ఇంట్లో అంబేద్కర్ పటం పక్కన సావిత్రిబాయి పటం ఉంది. 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టిన తల్లి. అదే ప్రాంతంలో 1897లో ప్లేగు వచ్చినప్పుడు మహర్ల పిల్లోణ్ణి వీపుమీద మోసుకొని వైద్యానికి చేర్చింది. అదే రోగం అంటుకొని మార్చి 10న చనిపోయింది. సభల్లో ఈ సంగతి నేను గొంతెత్తి చెప్పినవాణ్ణే. ఇంట్లో కాగితం ముందు పెడితే మాత్రం చెయ్యి రాలేదు. సంతకం మా ఆవిడే పెట్టింది. డ్వాక్రా లోను కాగితాల మీద తప్ప ఆమె అంతవరకూ ఎక్కడా సంతకం పెట్టలా. ఆ అక్షరాలు ఆమెకి నేర్పింది మా పిల్లే.

ఇంతటితో అయిపోతే మా ఆవిడ గెలిచిందని రాసి ముగించేవాణ్ణి. మా పక్కింట్లో మా వదిన ఉంది. ఆమె కొడుకూ తొమ్మిదో తరగతే. మా అన్న ఆగస్టులో కరోనాతో పోయాడు. గుంటూరు తీసుకుపోతే శవం కూడా ఇంటికి రాలేదు. మొగుడి మొహం ఆఖరుసారి చూసుకోలేదామె. మా ఆవిడ నచ్చజెప్పబోతే ఒక్కటే మాట అంది: "ఒకణ్ణి పంపిచ్చా, తిరిగి రాలా. ఇంకోణ్ణి నా చేత్తో పంపను."

కుళాయి దగ్గర ఆ ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "పిల్లని చంపుకుంటావా" అని ఈమెని ఆమె అంది. "పిల్లోణ్ణి కూలోణ్ణి చేసుకుంటావా" అని ఆమెని ఈమె అంది. పల్లె రెండుగా చీలింది. సంతకం పెట్టకపోతే అమ్మ ఒడి డబ్బులు పడవని ఒకరు పుకారు లేపారు. పెడితే పిల్లకేమైనా అయినా సర్కారుకి పూచీ ఉండదని ఇంకొకరు. బడి తెరిచి మూడు రోజులు తిరక్కముందే రాష్ట్రంలో 262 మంది పిల్లలకి, 160 మంది దాకా టీచర్లకి రోగం ఉన్నట్టు తేలింది. బడికొచ్చిన నాలుగు లక్షల మందిలో అది ఏపాటి అన్నారు అధికారులు. మా వదిన ఆ పేపరు పట్టుకొని మా గడపలోకొచ్చింది. ఏమీ అనలా. పేపరు అరుగుమీద పెట్టి పోయింది. మా ఆవిడ చేతులు వణికాయి. అయినా పాత నూలుచీర చించి, మిరపకోతలప్పుడు ఘాటుకి ముక్కుకి కట్టుకున్నట్టే రెండు మడతలేసి పిల్ల మొహానికి కట్టి పంపింది.

సాయంత్రం పిల్లని అడిగాను. "ఎట్టా కూచోబెట్టారమ్మా?"

"ఎడంగా నాన్నా. అందర్నీ."

'అందర్నీ' అన్న ఆ మాట నాకు చాలాసేపు వినపడతానే ఉంది. రోజు మార్చి రానివ్వమన్నాయన కూతురు మా పిల్ల పక్క బల్ల మీదే ఉందంట. చేతులు కడుక్కునే కుళాయిలు వరసగా ఉన్నాయంట. ఎవరూ పైనుంచి పోయలేదంట.

2021 ఏప్రిల్ 20 నుంచి తొమ్మిదో తరగతి దాకా మళ్ళీ మూసేశారు. ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు. అప్పటికి మా వదిన కొడుకు గుంటూరులో సెంట్రింగు పనిలో కుదిరాడు. ఈసారి పంపటానికి మా వదిన సిద్ధమే. వాడే రాలేదు. సంపాదన మరిగాడని ఊళ్ళో అన్నారు. తండ్రి వైద్యానికి తెచ్చిన అప్పు వాడు తీరుస్తున్నాడని ఎవరూ అనలా.

2022లో పదో తరగతి ఫలితాలొచ్చాయి. రాష్ట్రంలో పాసైంది 67.26 శాతమే. మా పిల్ల లెక్కల్లో తప్పింది. పత్తిచేలో పోయిన లెక్కలు అవి. సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది. ఆ రోజు మా వదిన చక్కెర తెచ్చి పిల్ల నోట్లో పోసింది. తర్వాత మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "అప్పుడు నేను తప్పు చేశానా చెల్లే?" అని అడిగింది.

"నీ బాధ నాకొచ్చుంటే నేనూ పంపేదాన్ని కాదక్కా" అంది మా ఆవిడ.

ఇద్దరూ పిల్లల్ని కాపాడుకోవాలనే కొట్లాడారు. ఇద్దరి మాటా నిజమే. ఇంటికో ఫోను, ఆ రోజుల్లో గడవటానికి నాలుగు రూకలు, ఆసుపత్రిలో మనిషి బతుకుతాడన్న నమ్మకం ఉండుంటే వాళ్ళకి ఆ గొడవే ఉండేది కాదు. ఊళ్ళో ఆయనకి మాత్రం అవన్నీ ఉన్నాయి. ఆయన అడిగింది ఒక్క ఎడమే. కరోనా తగ్గాక బళ్ళో బల్లలు మళ్ళీ దగ్గరికి జరిపారు. ఊరికీ మా పల్లెకీ మధ్య ఉన్న ఎడం జరపమని ఎవరికీ ఇంకా కబురు రాలేదు.