వరాహం దగ్గర కాసేపు

మొన్న మా అపార్ట్‌మెంట్ వినాయకచవితి ప్రోగ్రామ్‌లో మా అమ్మాయి దశావతారాలకి డాన్స్ చేసింది. వెనక తెర మీద ఒక్కో అవతారానికి ఒక్కో బొమ్మ రావాలి. "నేను చూసుకుంటాలే" అన్నాను. "నీకు వచ్చా అమ్మా?" అంది. కాస్త గుచ్చుకుంది. నేనూ బీఎస్సీ కంప్యూటర్స్ చదివినదాన్నే మరి.

"బొమ్మలన్నీ కలిపి ఒక వీడియో చేసి ప్లే నొక్కెయ్" అన్నారు మావారు. కానీ పాట రికార్డు కాదు, టీచర్ గారే పాడతారు. ఎక్కడ ఎంతసేపు పాడతారో ముందే తెలియదు కదా.

ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పది అవతారాలకి పది సీన్లు చేసి, ఒక్కోదానిలో ఒక బొమ్మ పెట్టాను. స్టూడియో మోడ్‌లో ఎడమవైపు మనం సిద్ధం చేసుకునేది, కుడివైపు జనం చూసేది. వంటింట్లో సర్దుకుని హాల్లోకి తెచ్చి వడ్డించినట్టే! హాట్‌కీస్‌లో ఒక్కో సీన్‌కీ ఒక్కో అంకె ఇచ్చాను. బొమ్మ మారే ఫేడ్ మామూలుగా 300 మిల్లీసెకన్లు ఉంటుంది. మరీ చటుక్కున మారినట్టుందని 1000 చేశాను.

రిహార్సల్‌లో పరువు పోయింది. మత్స్యావతారం పక్కన మా ఆడపడుచు వాట్సాప్ మెసేజ్ ప్రత్యక్షం! నా స్క్రీనే ప్రొజెక్టర్‌లో డూప్లికేట్ అవుతోందన్నమాట. విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టాను. కుడివైపు బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్‌కి రెండో తెర ఎంచుకున్నాను. నోటిఫికేషన్లూ ఆపేశాను.

అసలు రోజున మత్స్యం, కూర్మం బాగా వెళ్ళాయి. వరాహం దగ్గర పిల్ల అడుగు మర్చిపోయి ఆగిపోయింది. నా గుండె జారిపోయింది. టీచర్ గారు అదే చరణం మళ్ళీ ఎత్తుకున్నారు. నరసింహుడు ఎడమవైపు సిద్ధంగా ఉన్నాడు. నేను చెయ్యి తీసేసి దాని పాదాల వైపే చూస్తూ కూర్చున్నాను. మూడో వరసకి అందుకుంది. అప్పుడు నొక్కాను. జనానికి ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చాక, "అమ్మా, వరాహం దగ్గర ఆగావు కదూ?" అంది.

"నువ్వు ఆగావుగా, నేనూ ఆగాను" అన్నాను.

ఇన్నేళ్ళూ దాని డాన్స్ అంతా ఫోన్ పట్టుకుని, ఆ చిన్న తెరలోనే చూశాను. ఈసారి ప్రతి అడుగూ కళ్ళారా చూశాను. ఆ హడావిడిలో స్టార్ట్ రికార్డింగ్ నొక్కడం మర్చిపోయాను. మావారు ఇంకా దెప్పుతూనే ఉన్నారు. మీరు మాత్రం మర్చిపోకండేం!