వీలునామాల్లో మిగిలిన తల్లులు

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మూడో అంతస్తులో, ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల గదిలో ఇండియా ఆఫీసు రికార్డులు చూడవచ్చు. వాటి అరల పొడవు దాదాపు 14 కిలోమీటర్లు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలుతోనే రాసుకోవాలి. ఈస్టిండియా కంపెనీ కాలంలో కలకత్తా, మద్రాసు, బొంబాయిల నుంచి పంపిన వీలునామాల నకళ్లు, మృతుల ఆస్తి జాబితాలు ఇక్కడున్నాయి. మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో కొలువు చేసి పోయిన దొరల కాగితాలను మద్రాసు సంపుటాల్లో వెతకాలి. వంశవృక్షం కోసం వచ్చేవాళ్లు ముందుగా ఆ దొర హోదా, రెజిమెంటు చూస్తారు. కానీ ఈ కాగితాల అసలు విలువ ఆయన ఇంట్లో బతికిన మన ఆడవాళ్ల జాడ చెప్పడంలో ఉందని నేను నమ్ముతున్నాను.

బాప్టిజం రిజిస్టర్లలో బిడ్డ పేరూ తండ్రి పేరూ ఉండి, దేశీయురాలైన తల్లి పేరు తరచూ ఉండదు. వీలునామాలో ఆమెకు ఇల్లో, నెలకింత భరణమో రాసేటప్పుడు మాత్రం ఆమెను గుర్తుపట్టేలా చెప్పక తప్పదు. విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’లో ఇచ్చిన లెక్క చూడండి: 1780–85 మధ్య బెంగాల్ వీలునామాల్లో మూడింట ఒకటి భారతీయ సహచరికో, ఆమె పిల్లలకో ఏదో ఒకటి రాసిచ్చింది. 1830 నాటికి అది ఆరింట ఒకటికి పడిపోయింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు లేకుండా పోయారనడం కన్నా, వాళ్లను ఒప్పుకునే ధైర్యం తగ్గిందనడమే సబబు.

చట్టం కోసం రాసిన కాగితంలో నిజమెంత అని అడగవచ్చు. హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాను ముస్లిం పద్ధతిలో పెళ్లాడాడు. అయినా తన వీలునామాలో పిల్లలను వివాహేతర సంతానంగానే పేర్కొన్నాడు. ఆ పెళ్లిని ఇంగ్లిషు చట్టం ఒప్పుకోకపోతే పిల్లల వాటాకే ఎసరొస్తుంది కనుక, ఆ మాటను వారికి రక్షణగానే చదవాలి. అదే కాగితం వాళ్ల తల్లిని పేరుతో, గౌరవంగా ప్రస్తావిస్తుంది. ఇక రాసినదంతా చేతికి అందిందా అన్న ప్రశ్నకు ఆస్తి లెక్కలు చూడాలి. వేలంలో ఏ వస్తువు ఎవరు ఎంతకు కొన్నారో, అప్పులు పోగా ఏం మిగిలిందో వాటిలో ఉంటుంది. ఆస్తి లేని తెల్ల సిపాయిల సహచరులకు ఈ దారి లేదన్నది న్యాయమైన అభ్యంతరమే. అందుకే దొరికిన ప్రతి పేరునూ వదలకుండా పట్టుకోవాలి. వంశవృక్షం గీసేవారు రాసినవాడితో ఆగిపోకుండా, రాయించుకున్నామెను కూడా పూర్వీకురాలిగా అందులో చేర్చాలి.