గ్యాసు కాదు మే, గుండె

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మనిషికి వచ్చే సగం జబ్బులకు ముందుగా దొరికే పేరు గ్యాసు. ఛాతీ పట్టేసినా గ్యాసే, తల తిరిగినా గ్యాసే. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, కట్టుకున్న బట్ట అదరడం ఎదుటివాళ్ళ కంటికి కనిపిస్తున్నా గ్యాసే. “ఏం లేదు మే, గ్యాసు పట్టింటాది, సోడా తాగి కాసేపు పండుకో” అంటుంది పక్కింటామె. మందుల షాపు అబ్బాయి ఒక గోలీ ఇస్తాడు. గోలీ మింగిన కాసేపటికి దడ ఆగుతుంది. దానంతటది ఆగిపోవడం ఆ దడకున్న గుణం. పేరు మాత్రం గోలీకి వస్తుంది. ఇట్లా ఏళ్ళ తరబడి గోలీలకు పేరు తెచ్చిపెడుతూ, తన గుండెకు ఏమైందో తెలియకుండానే వయసు గడిపేసిన ఆడవాళ్ళు ఈ పక్క ఊరికి ఒకరైనా ఉంటారు.

ఆడవాళ్ళు అని విడిగా చెప్పడానికి కారణం ఉంది. మొగాయనకు దడ వస్తే ఇల్లంతా ఆటో కోసం పరుగెత్తుతుంది. ఆమెకు వస్తే టెన్షన్ అంటారు, రక్తం తక్కువ అంటారు, కోడలితో పడలేదా అని అడుగుతారు. ఇది మన ఊళ్ళ తీరు మాత్రమే కాదు. 1997లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఇదే సంగతిని అంకెల్లో చూపింది. గుండె పై భాగంలో పుట్టే ఈ రకం దడ ఉన్న 107 మందిని తీసుకుంటే, మూడింట రెండొంతుల మంది లక్షణాలు పానిక్ డిజార్డర్ నిర్వచనానికి సరిపోయాయి. మొదటిసారి చూపించుకున్నప్పుడు సగానికి పైగా మందిలో అసలు జబ్బు పట్టుబడలేదు. అట్లా తప్పిపోయిన వాళ్ళలో సగానికి పైగా మందికి డాక్టర్లు భయమనీ, ఆందోళన అనీ, ఒత్తిడి అనీ చెప్పి పంపారు. ఆ మాట వినాల్సి వచ్చింది ఎక్కువగా ఆడవాళ్ళకే.

ఈ దడను గుర్తుపట్టడం అంత కష్టం కాదు. మెట్లెక్కితే వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇది ఒక్క క్షణంలో మొదలై, ఒక్క క్షణంలో ఆగుతుంది. మధ్యలో నిమిషానికి 150 నుంచి 250 దాకా కొట్టుకుంటుంది. మెడ దగ్గర నరం ఎగరడం అద్దంలో కనిపిస్తుంది. ఆగిన తర్వాత కొందరికి మూత్రం ఎక్కువగా వస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఒక ఆమె చెప్పగలిగితే, అవతలివాళ్ళు వినగలిగితే, జబ్బు సగం తేలినట్టే.

గుండెకు సొంత కరెంటు ఉంది. కుడివైపు పై గదిలో పుట్టి, పై గదులకూ కింది గదులకూ నడుమనున్న ఒక చిన్న ముడిలోంచి కిందికి దిగుతుంది. ఆ ముడిని 1906లో వెలికితీసినవాడు సునావో తవారా అనే జపాన్ యువ వైద్యుడు, జర్మనీలోని మార్బుర్గ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని. కొందరికి ఆ ముడి దగ్గర కరెంటు పోవడానికి రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నిదానంగా పోయేది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఎప్పుడో ఒక దెబ్బ కాస్త ముందుగా పడుతుంది. అప్పుడు కరెంటు ఒక దారిన దిగి, రెండో దారిన పైకెక్కి, మళ్ళీ దిగి, అక్కడికక్కడే చుట్టు తిరుగుతుంది. పాకాల జంక్షన్లో ఒక బండి ఇటు కాట్పాడికీ పోక, అటు ధర్మవరానికీ పోక అక్కడే చుట్టు తిరిగితే తక్కిన బండ్లు ఏమవుతాయో, గుండె మామూలు నడకకూ అదే అవుతుంది. గ్యాసుకు ఇందులో పనేమీ లేదు.

కాబట్టి చేయాల్సింది ఒకటుంది. దడ వస్తున్నప్పుడే ఈసీజీ తీయించాలి. తగ్గాక తీస్తే చాలామందికి అంతా బాగున్నట్టే వస్తుంది, చేతిలో నార్మల్ అన్న కాగితం పెడతారు, ఇంట్లో ఉన్నవాళ్ళు “చెప్తే విన్నావా” అంటారు. ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి పంపే హోల్టర్ మిషనుకు కూడా ఆ రోజే దడ వచ్చే అదృష్టం ఉండాలి. ఇప్పుడు చేతి గడియారాల్లో కొన్ని ఈసీజీ తీస్తున్నాయి, మంచిదే. అది లేనివాళ్ళకు దగ్గర్లోని ఏ ఆసుపత్రి అయినా చాలు. పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆగొద్దు. నర్సమ్మను బతిమాలైనా ముందు ఆ కాగితం తీయించుకోవాలి.

తీయించుకున్న కాగితాన్ని కాపాడుకోవాలి. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాల్సి ఉంది. ఈసీజీ గీసేది సిరాతో కాదు, వేడితో. ఎండ తగిలినా, వేడి తగిలినా, ప్లాస్టిక్ కవర్లో ఏళ్ళు గడిచినా గీతలు వెలిసిపోతాయి. మన ఇళ్ళలో దాన్ని బట్టల షాపు సంచిలో మడిచి, బీరువా మీదో, బండి డిక్కీలోనో పెడతారు. నాలుగేళ్ళ తర్వాత అవసరం పడి తీస్తే గులాబీ రంగు గళ్ళు మిగులుతాయి, గుండె కనిపించదు. ఆ ఒక్క కాగితం ఉంటే గుండె కరెంటు డాక్టరు నిమిషంలో చెప్పేవాడు, ఏ రకం దడో. కాగితం పోయింది గనక కథ మళ్ళీ మొదటికొస్తుంది. పెళ్ళి ఆల్బంకు అట్ట వేయించి దాచుకునే ఇల్లు, తల్లి గుండె కాగితాన్ని జిరాక్స్ తీయించదు. ఫోనుతో ఒక ఫోటో తీయడానికి పది సెకన్లు పట్టదు. తేదీ, వేళ, అప్పుడు ఏం పని చేస్తున్నారో వెనక రాసి పెట్టాలి. ఇంతకంటే చౌకైన వైద్యం మరొకటి లేదు.

ఉంది, ఇంకొకటి. పది మిల్లీలీటర్ల ఉత్త సిరంజి. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో రోగిని కూర్చోబెట్టి, ఇట్లాంటి సిరంజి పిస్టన్‌ను కదిలించేంత బలంగా పదిహేను సెకన్లు ఊదించారు. ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. నూటికి 43 మందికి దడ అక్కడికక్కడే ఆగింది. కాళ్ళెత్తని పాత పద్ధతిలో ఆగింది 17 మందికి. డాక్టరు ఒకసారి చూపించాక ఇంట్లోనూ చేసుకోవచ్చు. సోడాకు పెట్టే డబ్బుతో సిరంజి వస్తుంది.

ఆగడం వేరు, పోవడం వేరు. పోవాలంటే ఆ అదనపు దారిని కాల్చాలి. దాన్నే అబ్లేషన్ అంటారు. ఆ మాట వినగానే చిత్తూరు వాళ్ళకు ముందు గుర్తొచ్చేది రాయవేలూరు ఆసుపత్రి.

చిత్తూరుకూ వేలూరుకూ మధ్య రాష్ట్రాల సరిహద్దు ఒకటుందని జబ్బు చేసినవాళ్ళు ఎన్నడూ పట్టించుకోలేదు. తిరుపతి నుంచి చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైలు ఈ ప్రాంతపు రోగుల బండి. ఎక్స్‌రేల పెద్ద కవరు ఒడిలో, ఫ్లాస్కు కాళ్ళ దగ్గర, పులిహోరో పెరుగన్నమో టిఫిన్ క్యారియర్లో. ఎదురు సీటువాళ్ళు అడక్కుండానే ఏ వార్డు, ఏ యూనిట్టు, ఏ రోజు ఓపీ అని చెప్పేస్తారు. కాట్పాడిలో దిగి, ఐడా స్కడర్ రోడ్డు చేరి, బాబూరావు వీధి లాడ్జిల్లో గది అడిగితే తెలుగులోనే బదులొస్తుంది. ఇప్పుడు ఆ వేలూరు ఆసుపత్రికి చిత్తూరు జిల్లాలోనే ఒక క్యాంపస్ ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి స్విమ్స్ 1993లో మొదలైంది, 2021లో పసిపిల్లల గుండెకు పద్మావతి హృదయాలయం వచ్చింది. దూరం తగ్గింది. అయినా ఆ బండి మీద మమకారం తగ్గలేదు.

ఆ వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆమె డాక్టరు కావాలని అనుకోలేదు. తల్లికి బాగాలేదని అమెరికా నుంచి తిండివనం వచ్చింది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మొగవాళ్ళు తలుపు తట్టారు. భార్యలు కాన్పు కష్టంలో ఉన్నారు, ఆడమనిషి వస్తే తప్ప చూపించం అన్నారు. ఐడా తండ్రి డాక్టరే, ఆయన వస్తానన్నా వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఐడా వెనక్కి పోయి వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఆడదాని బాధకు ఇల్లు అడ్డం రావడం మీద కట్టిన ఆసుపత్రి అది. అటువంటి ఊరికి కూతవేటు దూరంలో ఉండి కూడా ఆడవాళ్ళ గుండె దడను ఇంకా గ్యాసు అనడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

అబ్లేషన్‌కు ఛాతీ కొయ్యరు. మొదట్లో కోసేవాళ్ళు. 1968లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో విల్ సీలీ అనే సర్జన్ ఒక జాలరి ఛాతీ తెరిచి, అతని గుండెలోని అదనపు దారిని కత్తితో కోశాడు. 1981లో మెల్విన్ షైన్మన్ అనే డాక్టరు కోత లేకుండా, నరంలోంచి తీగ పంపి షాక్‌తో పని ముగించాడు. షాక్ మొరటుది. దాని స్థానంలో రేడియో తరంగాల వేడి వచ్చింది. 1991లో జాక్‌మన్ అనే డాక్టరు బృందం వరసగా ఎందరో రోగులకు చేసి చూపించాక అది ప్రపంచమంతా పాకింది.

ఈ రెండు దారుల దడకైతే మనిషికి పూర్తి మత్తు కూడా అక్కర్లేదు. కుడి గజ్జ దగ్గర మొద్దుబారే సూది వేసి, అక్కడి పెద్ద సిరలోంచి రెండు మూడు సన్నని తీగలు గుండె దాకా పంపుతారు. తర్వాత జరిగేదే రోగికి విచిత్రంగా ఉంటుంది. ఇన్నేళ్ళూ ఏ దడకు భయపడి బతికిందో ఆ దడను వాళ్ళే కావాలని తెప్పిస్తారు. కళ్ళు తెరిచి ఉండగా, తెర మీద గీతలు పరుగెత్తుతుండగా, “ఇదేనా అమ్మా మీకొచ్చేది?” అని అడుగుతారు. ఎన్నో ఏళ్ళకు ఒక మనిషి ఆ దడను తనతోపాటు చూస్తూ అడిగిన ప్రశ్న అది. ఇదే అని చెప్పేటప్పుడు కొందరికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఆపైన తీగ కొసను నిదానపు దారి మీద ఆనించి, 50, 60 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తారు. మళ్ళీ దడ తెప్పించడానికి ప్రయత్నిస్తారు. రాకపోతే కాసేపు ఆగి ఇంకోసారి చూస్తారు. నూటికి 95 మందికి పైగా ఒకేసారితో నయమవుతుంది. వేగపు దారి పక్కనే ఉంటుంది గనక అది దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం నూటికి ఒకరికో, అంతకంటే తక్కువో.

కోలుకోవడం గురించే ఎవరూ సరిగా చెప్పరు. మొదటి నాలుగైదు గంటలు కాలు ముడవకుండా, తల ఎత్తకుండా వెల్లకిలా పడుకోవాలి. గుండె బాగానే ఉంటుంది, నడుమే పీకుతుంది. దగ్గు వస్తే గజ్జ దగ్గర చేత్తో నొక్కి పట్టుకోవాలి. అక్కడ నల్లగా కమిలి, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ ఆ మచ్చ తొడ మీదికి దిగుతుంది. అది చూసి బెదరక్కర్లేదు. రక్తం కారినా, గట్టి గడ్డ కట్టి పెరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. వారం పాటు నీళ్ళ బిందె ఎత్తకూడదు, గ్యాస్ సిలిండరు జరపకూడదు. కింద కూర్చుని లేవడం తగ్గించాలి. ఇంటి మీదికొచ్చే పరామర్శల గుంపును ఆపడం ఇంట్లోవాళ్ళ పని. వచ్చినవాళ్ళు గుండెను కాల్చారంట గదా అని అడిగి, వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ జాబితా చదువుతారు. కొన్ని వారాల పాటు గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తుంది. ఇదిగో మొదలైంది అనుకునేలోపే ఆగిపోతుంది. చేయి మణికట్టు మీదికి దానంతటదే పోతుంటుంది. ఏళ్ళనాటి భయం, తీగ తీసినంత తేలిగ్గా పోదు.

గుండె పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే దడకు చేసే అబ్లేషన్ వేరు. అది పెద్ద పని. పై గదుల మధ్య గోడకు చిల్లి చేసి ఎడమవైపుకు పోవాలి. తర్వాత కనీసం రెండు మూడు నెలలు రక్తం గడ్డకట్టని మందు మానకూడదు, ఆ నెలల్లో దడ వచ్చినంత మాత్రాన ఫెయిల్ అయినట్టు కాదు. వేడితోనో చలువతోనో చేసినవాళ్ళకు వారాల తర్వాత జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా వెంటనే చేసినచోటికే పోవాలి. అట్లా రావడం చాలా అరుదే, వస్తే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రంగంలో మన పేర్లు వినిపిస్తుంటే సంతోషంగా ఉంటుంది. అమెరికాలో ధనుంజయ లక్కిరెడ్డి బృందం అయ్యంగార్ యోగాతో ఈ దడ ఎపిసోడ్లు తగ్గాయని 2013లో చూపించింది.

ఇక తిరుపతి మనిషి డిశ్చార్జి రోజు అడిగే ప్రశ్న వేరే ఏ ఊరివాళ్ళూ అడగరు. కొండకు ఎప్పుడు నడవచ్చు? మొక్కు ఉంటుంది గదా. బస్సులో పోతే మొక్కు తీరినట్టు కాదంటారు. గజ్జ మాని, డాక్టరు సరేనన్నాక పోవచ్చు. అప్పుడొస్తుంది అసలు తగువు, అలిపిరా, శ్రీవారి మెట్టా అని. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే, రెండు కిలోమీటర్ల పైచిలుకే, గంటలో అయిపోతుందని చంద్రగిరి వాళ్ళు ఊరిస్తారు. వినకూడదు. అక్కడ ఎక్కడం తప్ప వేరే ఏమీ లేదు, మెట్టు వెంట మెట్టు. అలిపిరి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు అన్నది నిజమే. గాలిగోపురం దాకా కాళ్ళు పీకుతాయన్నదీ నిజమే. ఆ తర్వాత చాలా దూరం చదునుగా నడవచ్చు, జింకలుంటాయి, కూర్చోవడానికి నీడ ఉంటుంది, మజ్జిగ దొరుకుతుంది. మళ్ళీ మోకాళ్ళ మెట్ట దగ్గరే పరీక్ష. చిన్న వయసులో అన్నమయ్య అక్కడే సొమ్మసిల్లాడని, చెప్పులతో ఎక్కినందుకే అట్లా అయిందని, అలమేలుమంగ కలలో కనిపించి ప్రసాదం పెట్టిందని కథ. ఎనిమిదేళ్ళ పిల్లవాడే అలిసిపోయిన చోట పెద్దవాళ్ళు ఆగి ఊపిరి తీసుకోవడానికి మొహమాటపడటం దేనికో అర్థం కాదు. మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే అమ్మలు మరీ మొండివాళ్ళు, 3,550 సార్లు వంగి లేస్తారు. ఆ మొక్కు మొక్కుకున్నవాళ్ళు దాన్ని ఇంకో సంవత్సరానికి వాయిదా వేసుకుంటే స్వామి ఏమీ అనుకోడు. ఎండాకాలమైతే తెల్లవారుజామునే బయల్దేరాలి, పాదాల మండపం దగ్గర టెంకాయ కొట్టి, గాలిగోపురం దగ్గర ఇడ్లీ తిని.