బకరీ ఏది?

నా భాంజీ కొడుక్కి మూడేండ్లు. నడక రాలేదు, మాటలు నాలుగైదే. మంథనిల ఎవరిని అడిగినా "మగపిల్లలు ఆలస్యంగనే నడుస్తరు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నోళ్లే. దిలాసాకు పైసలు పెట్టే పని లేదు మరి. 18 నెలలు నిండినా నడవకపోతే చూపించాల్నని డాక్టర్లు చెప్తరు.

2013ల మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకే వచ్చి చిన్నపిల్లల్ని చూడాలె. అనుమానముంటే జిల్లా సెంటర్‌కు పంపాలె. మంచి ఇంతెజామే. కానీ నడవని బచ్చాను చంకనేసుకొని నలుగుట్లకు ఏ తల్లి పోతది? లోగ్ క్యా కహేంగే అన్న భయం తలుపు దాటనియ్యదు.

చివరికి పట్నంల ఒక ప్రైవేటు సెంటర్‌కు పోయినం. ముందుగాల చెవులు పరీక్ష చేసిండ్రు. సహీ పని. వినపడని పిల్లగాన్ని తెలివి లేదని రాస్తే జులుమ్ కదా! తర్వాత మేడమ్ బొమ్మలు చూపించి "మేక ఏది?" అన్నది. వాడు చుప్. మళ్ల అడిగినా చుప్. ఆమె రాయబోతుంటే భాంజీ ఉండబట్టలేక "బకరీ కిధర్ హై బేటా?" అన్నది. టక్కున వేలు పెట్టిండు.

"కప్పుతోని సొంతంగ తాగుతడా?" లేదన్నది భాంజీ. నిజమే, నానీ తాగనిస్తే కదా! వైన్‌లాండ్ స్కేలు లాంటివి ఇంటోళ్ల జవాబుల మీదనే నడుస్తయి. చేతకాకపోవుడు వేరు, చెయ్యనియ్యకపోవుడు వేరు. రెండూ "లేదు" కిందనే పడితే ఎట్ల?

ఇంకో సవాల్ దగ్గర నా దిల్ చివుక్కుమన్నది. "పుట్టంగనే ఏడ్చిండా?" అడగాల్సిందే. అప్పుడు ఊపిరి అందకపోతే మెదడుకు దెబ్బ తగలొచ్చు. కానీ పక్కనే సాస్ కూసున్నది. గ్రహణం రోజు కత్తి పట్టినవని మూడేండ్ల సంది దెప్పుతున్న సాస్. భాంజీ తల దించుకొని "యాద్ లేదు" అన్నది. యాద్ లేకేం? నర్సు వాని వీపు రుద్దుతుంటే పానం ఎట్ల కొట్టుకున్నదో నాకు ఎన్నిసార్లు చెప్పిందో!

నేను సాస్‌ను చాయ్ నెపంతోని బయటికి తీస్కపోయిన. తిరిగొచ్చేసరికి భాంజీ కండ్లు తుడుసుకుంటున్నది, మేడమ్ పాత కాగితం పక్కకు పెట్టి కొత్తగ రాస్తున్నది.

వాని ఎదుగుదల వెనుకబడ్డది నిజమే. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ, మాటల కోసం ఇంట్ల ఉర్దూలనే ఆటలు, కప్పు వాని చేతికే ఇయ్యాలె అని రాసిచ్చిండ్రు. కప్పు సంగతి నానీ ఇంకా ఒప్పుకుంటలేదు.